మన వంటింటి బండలు: స్వభావం, సంరక్షణ

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నది మన సామెత. కట్టడంలోని కష్టాన్ని ఈ సామెత చెప్పింది కాని, కట్టిన దానిని నిలుపుకొనడంలోని కష్టాన్ని చెప్పలేదు. గోడలకు పండుగ పండుగకూ సున్నం వేయిస్తాము. తలుపులకు రంగు పూయిస్తాము. పైకప్పు కారితే ఆ రోజే మేస్త్రీ కొరకు మనిషిని పంపుతాము. నేల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. రాయికి ఏమవుతుందిలే అన్న ధీమా మనది. అందులోనూ వంటింటి నేల ఇంటిలోని తక్కిన గదుల నేలలన్నిటి కంటె ఎక్కువ బాధ పడేది. నూనె చిందేది అక్కడే, పసుపు రాలేది అక్కడే, చింతపండు పులుసు ఒలికేది అక్కడే, నీరు నిలిచేది అక్కడే. కావున ఈ వ్యాసంలో వంటింటి రాతి నేల స్వభావాన్ని, దాని శత్రువులను, దానిని కాపాడుకొనే మార్గాలను విద్యార్థులకు వివరించదలచినాము. విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఇందులో రసాయనశాస్త్రం ఉన్నది, భూగర్భశాస్త్రం ఉన్నది, మన కరవుసీమలో నీటి పొదుపు ఉన్నది, మన ఇండ్లలోని స్త్రీల ఆరోగ్యం కూడా ఉన్నది.

ఫర్ష్ అన్న మాట

ఉర్దూలో నేలను ‘ఫర్ష్’ అంటారు. ఇది అరబ్బీ నుండి వచ్చిన మాట. పరచుట అన్నది దాని మూలార్థం. తెలుగులోనూ మనం బండలు ‘పరిచినాము’ అనే అంటాము కాని ‘కట్టినాము’ అనము. అనగా రెండు భాషలవారూ నేలను ఒక పరుపుగానే భావించినారు. మన కళాశాలలో ఈ రెండు భాషలూ ఒకే ఆవరణలో వినిపిస్తాయి కనుక ఈ పోలికను ఇక్కడ గుర్తు చేయడం అసందర్భం కాదని తలుస్తున్నాము. పరుపును ఎవరూ కొని వదిలివేయరు. దులుపుతారు, ఎండలో వేస్తారు, మరకపడితే వెంటనే తుడుస్తారు. రాతి పరుపుకూ అంతటి శ్రద్ధే కావలెను.

మన ప్రాంతపు రాళ్ళు

కొత్తచెరువు, బుక్కపట్నం, పుట్టపర్తి చుట్టూ ఎటు చూసినా గుండ్రాళ్ళ గుట్టలే కనిపిస్తాయి. ఇది నల్లసేనపురాయి, దాని జాతికి చెందిన పట్టీల రాయి. భూమి లోపల కరిగి, నెమ్మదిగా చల్లారి గట్టిపడిన శిల ఇది. దీనిని సమంగా పలకలుగా చీల్చడం కష్టం. అందుచేత పూర్వం ఇది గుడి స్తంభాలకు, కోట గోడలకు, రోళ్ళకు, తిరుగళ్ళకు పనికివచ్చింది కాని సామాన్యుని ఇంటి నేలకు అంతగా పనికిరాలేదు. లేపాక్షిలోను, పెనుకొండలోను ఈ రాతి పనితనాన్ని విద్యార్థులు చూసే ఉంటారు.

సామాన్యుని నేలకు అక్కరకు వచ్చినది తాడిపత్రి వైపు దొరికే నాపరాయి. ఇది సున్నపురాయి జాతికి చెందినది. కనీసం 50 కోట్ల సంవత్సరాలకు పూర్వం, ఇప్పటి కడప, కర్నూలు, తాడిపత్రి ప్రాంతాలను కప్పి ఉన్న సముద్రపు అడుగున సన్నని సున్నపు బురద పొర మీద పొరగా పేరుకొని ఈ రాయి ఏర్పడింది. పొరలుగా పేరుకొన్నది కావుననే పొరల వెంబడి తేలికగా పలకలుగా లేస్తుంది. ఈ శిలా సముదాయాన్ని వివరంగా పరిశీలించి విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో భారత భూగర్భ పరిశోధన సంస్థ తరఫున గ్రంథం వెలువరించినాడు. కడప జిల్లాలోని నార్జి గ్రామం పేరనే ఇందులోని ఒక ముఖ్యమైన సున్నపురాతి పొరకు ‘నార్జి సున్నపురాయి’ అన్న పేరు శాస్త్రంలో స్థిరపడింది. తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, నల్లని కడప బండ అన్నీ ఈ కుటుంబంలోనివే. తెలంగాణలోని తాండూరు బండ, కర్ణాటకలోని షాబాదు బండ, రాజస్థానంలోని కోటా బండ వేరు వేరు తావుల్లో పుట్టినా జాతికి సున్నపురాళ్ళే. పాలరాయి కూడా వేడిమికి, ఒత్తిడికి రూపు మారిన సున్నపురాయియే.

2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కొత్తచెరువు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది, తాడిపత్రి అనంతపురం జిల్లాలో ఉండిపోయింది. జిల్లాలు వేరైనా మన వంటిండ్లకు మాత్రం తాడిపత్రి బండ పరాయిది కాలేదు. ఇటీవల సిరామికు పలకలు వచ్చి దాని చోటును కొంత ఆక్రమించినవి. ఐనా చల్లదనానికి, గట్టిదనానికి, ధరకు బండ మీద మక్కువ తగ్గనివారు నేటికీ ఎందరో ఉన్నారు.

రాయిని గుర్తించడం

సంరక్షణ మొదలు పెట్టే ముందు మన ఇంటి రాయి ఏ జాతిదో తెలిసి ఉండవలెను. ఏలన, ఒక జాతికి మందైనది మరొక జాతికి విషం కావచ్చు. ఇందుకు రెండు చిన్న పరీక్షలు ఉన్నాయి.

మొదటిది గీత పరీక్ష. జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో ఖనిజాల కాఠిన్యానికి 1 నుండి 10 వరకు ఒక కొలత ఏర్పరచినాడు. మన గోరు కాఠిన్యం ఇందులో రెండున్నర. సున్నపురాతిలోని కాల్సైటు ఖనిజం కాఠిన్యం 3. ఇనుప మేకు 4కు కొంచెం అటు ఇటు. గ్రానైటులోని ఫెల్డ్‌స్పారు 6, స్ఫటికం 7. కావున ఎవరి కంటికీ కనబడని మూలలో మేకుతో గీసినప్పుడు గీత లోతుగా పడితే అది సున్నపురాయి. మేకు జారిపోయి, దాని ఇనుపరంగు మాత్రమే రాయికి అంటుకొంటే గ్రానైటు.

రెండవది నిమ్మకాయ పరీక్ష. పొయ్యి గట్టు క్రింది మూలన ఒక చుక్క నిమ్మరసం వేసి, ఐదు నిముషాలు ఉంచి తుడిచివేయవలెను. ఆ చోట మెరుగు పోయి మసకబారితే సున్నపురాయి అని, మార్పు లేకపోతే గ్రానైటు అని గ్రహించవచ్చు. ఈ పరీక్షకు నేల మధ్యభాగాన్ని ఎన్నుకొనరాదు. ఆ మచ్చ తిరిగి పోదు.

పులుపు అనే శత్రువు

నిమ్మచుక్క ఎందుకు మచ్చ చేసింది? సున్నపురాతిలో ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేటు. ఆమ్లం తాకినప్పుడు అది కరిగి, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పైకి పోతుంది. మనం చూసే మసక, రాతి మీద పేరుకొన్న మురికి కాదు. అది రాయి కొంత తరిగిపోగా మిగిలిన గరుకు చోటు. మురికిని కడుగవచ్చు కాని తరిగిన రాతిని కడిగి తెచ్చుకొనలేము. ఈ ఒక్క తేడా గ్రహిస్తే సంరక్షణలో సగం గ్రహించినట్లే.

మన వంటలో పులుపు లేని రోజు ఉన్నదా? చింతపండులో టార్టారికు ఆమ్లం, నిమ్మలోను టమాటాలోను నిమ్మ ఆమ్లం, పెరుగులో లాక్టికు ఆమ్లం, ఊరగాయలకు వాడే వెనిగరులో అసిటికు ఆమ్లం ఉన్నాయి. చారు ఒలికినా, మజ్జిగ తొణికినా బండ మీద రసాయన చర్య ఆ క్షణాననే మొదలవుతుంది. ఇది బలహీనమైన ఆమ్లాల సంగతి. వెంటనే తడిగుడ్డతో ఒత్తి తీస్తే జరిగే నష్టం స్వల్పం.

అసలు ప్రమాదం సీసాలలో వచ్చే ఆమ్లంతో ఉన్నది. బండలు పరచిన తరువాత సిమెంటు మరకలు పోవడానికని మేస్త్రీలు ఉదజహరికామ్లాన్ని నీటిలో కలిపి పోయడం మన వైపు వాడుక. పాయిఖానాలు శుభ్రపరచే సీసాలలో చాలా వాటిలో ఉన్నదీ ఆ ఆమ్లమే. అది పోయగానే నేల బుసబుస పొంగుతుంది. మురికి పొంగి పోతున్నదని చూసేవారు సంతోషిస్తారు. నిజానికి అక్కడ పొంగుతున్నది రాయి. దాని మెరుగు పోతుంది, పొరల సందులు తెరుచుకొంటాయి, సందులలోని సిమెంటు కూడా తింటుంది. అంతటితో కథ ముగియదు. ఈ చర్యలో ఏర్పడే కాల్షియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం కలది. సరిగా కడుగకపోతే నేల ఎప్పుడూ చెమర్చినట్లు ఉండి, మునుపటి కంటె త్వరగా మురికి పడుతుంది. మురికి పడుతున్నదని మరల ఆమ్లం పోస్తారు. ఈ విధంగా నాలుగైదు మార్లు పోసిన నేల నునుపు పూర్తిగా పోయి, ఎంత తోమినా తెలుపు రాని స్థితికి వస్తుంది.

రాయి కంటె మనిషి ముఖ్యం. వంటిల్లు చిన్న గది, ఒకే కిటికీ ఉంటుంది. అందులో వంగి కూర్చుండి ఆమ్లంతో నేల తోమే స్త్రీ ఆ ఆవిరినే పీలుస్తుంది. ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు మండుతాయి. చేతులు పొక్కుతాయి. ఇంకా ఘోరమైనది మరొకటి. తెల్లదనం కొరకు బ్లీచింగు పొడిని, పొంగు కొరకు ఆమ్లాన్ని ఒకేసారి వాడితే క్లోరిను వాయువు వెలువడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీదికి వదలిన విషవాయువు ఇదే. బట్టల గదిలోనైనా, స్నానపు గదిలోనైనా, వంటింటిలోనైనా ఈ రెండింటినీ కలుపరాదని ప్రతి విద్యార్థి తన ఇంటిలో చెప్పవలెను. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆమ్లాల చిల్లర అమ్మకం మీద కట్టుబాట్లు విధించి, 18 సంవత్సరాలు నిండనివారికి అమ్మరాదని ఆదేశించింది. దుర్మార్గుల చేతికి చిక్కకుండ చేయడం ఆ ఆదేశానికి కారణం. రాతి నేల గల ఇంటిలో ఆమ్లపు సీసాతో నిజంగా పని లేదు కనుక అది అసలే లేకుండ ఉండడం రెండు విధాలా మేలు.

మరి మూడు శత్రువులు

ఇసుక రెండవ శత్రువు. మన నేలల ఇసుకలో అధికభాగం స్ఫటికం, కాఠిన్యం 7. నాపరాతి కాఠిన్యం 3. చెప్పుల క్రింద, చేటలోని బియ్యపు మట్టితో, పెరటి గాలితో లోపలికి వచ్చిన ఇసుక రేణువు కాలి క్రింద పడి ప్రతి అడుగుకూ బండను గీస్తుంది. వంటిండ్లలో పొయ్యి ముందు, బిందెల ముందు మాత్రమే మెరుగు పోయి ఉండడానికి కారణం ఇదే. అక్కడ మనిషి ఎక్కువగా నిలుస్తాడు. ఊడ్వకుండ తడిగుడ్డ పెట్టడం ఇంకా చెడ్డది. అప్పుడు గుడ్డయే ఉప్పుకాగితం అవుతుంది.

నూనె మూడవ శత్రువు. వేరుసెనగ మన జిల్లా పంట, దాని నూనె మన వంట. నాపరాతిలో కంటికి కనబడని సన్నని రంధ్రాలు ఉంటాయి. నూనె వాటిలోనికి దిగి నల్లని మచ్చగా నిలుస్తుంది. దాని మీద దుమ్ము పట్టి మచ్చ మరింత నలుపెక్కుతుంది. కడప బండ నల్లగా నిగనిగలాడవలెనని కొందరు కొబ్బరినూనె పూస్తారు. ఆ నిగారింపు కొద్ది దినాలదే. కొబ్బరినూనె ఆరి గట్టిపడే నూనె కాదు. అది జిగటగా నిలిచి ధూళిని పట్టుకొంటుంది, వాసన వేస్తుంది, నేలను జారుడు చేస్తుంది.

నాల్గవది ఉప్పు నీరు. మన ప్రాంతంలో సాలీనా సగటున కురిసే వాన సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే. అందుచేత లోతైన బోరుబావుల నీటి మీద ఆధారపడినాము. ఆ నీరు సాధారణంగా కఠినజలం. అది నేల మీద ఆరిపోయినప్పుడు తెల్లని పొర మిగులుతుంది. ఆ పొరలో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేటు, అనగా నాపరాతిలో ఉన్న పదార్థమే. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ తెల్లపొరను కరిగించే ఏ పులుపైనా దాని క్రింది రాతినీ కరిగిస్తుంది. అది పొరను మాత్రమే తిని రాతిని విడిచిపెట్టదు. కావున తెల్లపొర రాకుండ చూసుకొనడమే ఉపాయం. నేల కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచితే నీరు ఆరిపోయే అవకాశమే ఉండదు, పొర పడదు.

కొత్త నేలల మీద చౌడు పొంగినట్లు తెల్లని పొడి రావడం మరొక సంగతి. ఇది క్రింది సిమెంటు పరుపులోని లవణాలు తేమతో పాటు పైకి వచ్చి, తేమ ఆరగా మిగిలిన పొడి. దీనిని నీటితో కడిగితే లవణం కరిగి మరల రాతిలోనికే దిగుతుంది. పొడిగా ఉన్నప్పుడు గట్టి చీపురుతోనో కుంచెతోనో ఊడ్చి బయట పారవేయవలెను. క్రింది తేమ ఆరిన కొలది పొడి రావడం కొన్ని నెలలలో దానంతట అదే తగ్గుతుంది.

రంధ్రాలను మూయడం

నాపరాతి రంధ్రాలలో నూనె, నీరు దిగకుండ చేయడానికి బజారులో ద్రవాలు దొరుకుతాయి. వీటిని సీలరు అంటారు. ఇవి రెండు రకాలు.

మొదటి రకం రాతిలోనికి ఇంకేవి. సిలేను, సిలాక్సేను అనే సిలికాను సంబంధమైన పదార్థాలు వీటిలో ఉంటాయి. ఇవి రంధ్రాల గోడలకు అంటుకొని, తామరాకు వలె నీటిని అంటనీయవు. రంధ్రాలు పూర్తిగా మూసుకొనవు కనుక క్రింది తేమ ఆవిరియై బయటికి పోగలదు. నూనెను కూడా అడ్డగించవలెనంటే ఫ్లోరిను కలిసిన రకం ఎన్నుకొనవలెను. వంటింటికి ఇదే తగినది.

రెండవ రకం రాతి మీద పొరగా నిలిచేవి. మైనపు పాలిషులు, ఆక్రిలికు వార్నీషులు ఈ కోవలోనివి. మొదట అద్దంలా మెరుస్తాయి. కాని వంటింటి వేడిమికి, తడికి ఆ పొర లేస్తుంది. క్రింది తేమ బయటికి పోలేక పొర క్రింద తెల్లబారుతుంది. తడిసినప్పుడు బాగా జారుతుంది. వృద్ధులు తిరిగే వంటింటిలో నేల జారడమంటే తుంటి ఎముక విరగడం దాకా పోగలదు. అందుచేత వంటింటికి పొరగా నిలిచే రకం తగదు.

సీలరును గురించి ఒక భ్రమను తొలగించడం అవసరం. సీలరు మరక దిగకుండ అడ్డగిస్తుంది, అంతే. పులుపు రాతిని తినకుండ అడ్డగించలేదు. నూనె, పసుపు, టీ దిగడానికి పట్టే వ్యవధిని అది పెంచుతుంది. ఆ వ్యవధిలో తుడిచే చేయి మనదే. సీలరు పూసినాము కదా అని చింతపండు పులుసును రాత్రంతా వదిలివేస్తే తెల్లవారేసరికి మసకమచ్చ తప్పదు.

సీలరు అవసరమో కాదో నీటిచుక్కను అడుగవచ్చు. శుభ్రంగా ఆరిన బండ మీద అక్కడక్కడ నీటిచుక్కలు వేసి పదిహేను నిముషాలు ఆగవలెను. చుక్క ముత్యంలా నిలిచి, తుడిచిన తరువాత బండ రంగు మారకుండ ఉంటే సీలరు అక్కరలేదు. తుడిచిన చోట తడిమచ్చ నల్లగా కనిపిస్తే కావలెను. నునుపు పట్టిన నల్లగ్రానైటు వంటి కొన్ని రాళ్ళు సహజంగానే నీటిని పీల్చవు. వాటికి సీలరు పూస్తే లోనికి దిగలేక పైన జిడ్డుగా నిలుస్తుంది.

పూసే పద్ధతి ఈ విధంగా ఉండవలెను.

1. నేలను ఊడ్చి, తేలికపాటి సబ్బునీటితో తోమి, మంచినీటితో రెండు మార్లు తుడువవలెను. నూనె మరకలు ఉంటే ముందే తీయవలెను. మరక మీద సీలరు పూస్తే మరకను లోపలే బంధించినట్లవుతుంది.

2. రెండు మూడు రోజులు పూర్తిగా ఆరనీయవలెను. మన వైపు ఎండకాలం ఇందుకు మంచి అదను. కొత్తగా పరచిన నేలపై తెల్లపొడి రావడం ఆగిన తరువాతనే ఈ పని తలపెట్టవలెను.

3. పొయ్యి ఆర్పి, గ్యాసు సిలిండరును బయట పెట్టి, కిటికీలు తలుపులు తెరిచి ఉంచవలెను. కొన్ని సీలర్లలో త్వరగా అంటుకొనే ద్రావకాలు ఉంటాయి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొనవలెను.

4. ముందు ఒక మూల బండపై పూసి, ఒక రోజు చూడవలెను. కొన్ని సీలర్లు రాతి రంగును ముదురు చేస్తాయి. ఆ రంగు మనకు సమ్మతమైతేనే ముందుకు సాగవలెను.

5. నూలుగుడ్డతోనో కుంచెతోనో పలుచగా, ఒకసారి రెండు మూడు బండలకు మించకుండ పూయవలెను. సందులకు కూడా పట్టించవలెను. డబ్బాపై చెప్పిన వ్యవధి గడిచిన తరువాత, పూర్తిగా ఆరిపోక ముందే, పైన మిగిలిన ద్రవాన్ని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచివేయవలెను. చాలామంది విఫలమయ్యేది ఇక్కడనే. ఎక్కువ పూస్తే ఎక్కువ రక్షణ అనుకొంటారు. ఇంకనిది పైన జిగటగా గట్టిపడి మచ్చలు కడుతుంది.

6. అవసరమనిపిస్తే రెండవ పూత వేసి, ఒక రోజు నీరు తగలనీయకుండ, నడువకుండ ఉంచవలెను.

తరువాత ఆరు నెలలకు ఒకసారి నీటిచుక్క పరీక్ష చేసుకొంటూ ఉంటే, మరల పూయవలసిన కాలం నేలయే చెబుతుంది. నడక ఎక్కువగా ఉన్న వంటింటిలో ఇది ఒకటి రెండు సంవత్సరాలకు రావచ్చు.

దినచర్య

రోజువారీ సంరక్షణకు మందులతో, యంత్రాలతో పని లేదు. మెత్తని చీపురుతో ముందు ఊడ్వవలెను. వాకిలి వద్ద, పెరటి గుమ్మం వద్ద ఒక గోనెపట్ట వేస్తే సగం ఇసుక అక్కడే ఆగుతుంది. తరువాత రెండు బకెట్ల పద్ధతి పాటించవలెను. ఒక దానిలో కొద్దిగా మృదువైన సబ్బు కలిపిన నీరు, మరొక దానిలో మంచినీరు. గుడ్డను సబ్బునీటిలో పిండి తుడిచి, మంచినీటిలో జాడించి, మరల తుడిచి, చివర పొడిగుడ్డ పట్టవలెను. బకెట్ల కొద్దీ నీరు గుమ్మరించి కడిగే అలవాటు కంటె ఇందులో ఖర్చయ్యే నీరు చాలా తక్కువ. కొళాయి వద్ద బిందెల వరుసలు చూచిన ఊరివారికి దీని విలువను వేరే చెప్పనక్కర లేదు. గ్రానైటుకూ నాపరాతికీ ఇదే పద్ధతి సరిపోతుంది.

సందులలోని సిమెంటు రాలిపోతే ఆలస్యం చేయక నింపించవలెను. ఆ సందులలోనే నీరు దిగి, చీమలు, బొద్దింకలు చేరుతాయి. బండ క్రింది ఇసుక కొట్టుకొనిపోయి బండ కదులుతుంది. కదిలిన బండ తొందరలోనే విరుగుతుంది.

మరకలు తీయడం

ముల్తానీ మట్టి ముఖానికి పూసుకొనేదని మనకు తెలుసు. అది రాతికి కూడా మంచి మందు. ఆగ్రాలోని తాజమహలు పాలరాతి మీద పేరుకొన్న పసుపు మసిని తీయడానికి భారత పురాతత్త్వ శాఖ 1994లోను, ఆ తరువాత పలుమార్లు ఈ మట్టి పట్టునే వేసింది. మట్టిని ముద్దగా కలిపి పట్టు వేసి, ఆరిన తరువాత తీసి, శుద్ధమైన నీటితో కడుగుతారు. మట్టి ఆరేటప్పుడు తనతో పాటు మురికిని రంధ్రాల నుండి పైకి లాగుకొంటుంది. చక్రవర్తి కట్టించిన పాలరాయికీ, మన వంటింటి నాపరాయికీ ఒకటే రసాయనశాస్త్రం కనుక వైద్యమూ ఒకటే.

నూనె మరకకు ముల్తానీ మట్టిలో కొద్దిగా బట్టల సోడా, నీరు కలిపి, రొట్టెపిండి వలె ముద్ద చేసి, అర అంగుళం మందాన మరక మీద పరచి, పైన ప్లాస్టికు కాగితం కప్పి ఒక రోజు ఉంచవలెను. తరువాత కాగితం తీసి పూర్తిగా ఆరనీయవలెను. ఆరడమే ఇందులో కీలకం, ఏలన మరక పైకి వచ్చేది అప్పుడే. పాత మరకకు రెండు మూడు మార్లు చేయవలసి రావచ్చు.

పసుపు మరకకు సోడా పట్టిస్తే అది ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపినప్పుడు పారాణి ఎర్రనైనట్లే ఇదీ. భయపడనక్కర లేదు కాని సోడా దానికి మందు కాదు. పసుపు రంగు ఎండకు నిలువదు. ఎండ తగిలే చోటైతే కొన్ని దినాలలో దానంతట అది వెలిసిపోతుంది. ఎండ తగులని మూలైతే హైడ్రోజను పెరాక్సైడుతో మట్టిని కలిపి పట్టు వేయవచ్చు.

సిలిండరు అడుగున పడే తుప్పు వలయం మొండి మరక. నిమ్మకాయ రుద్దితే తుప్పుతో పాటు మెరుగూ పోతుంది. సిలిండరు క్రింద చక్రాల పీటగాని, రబ్బరు చాపగాని వేయడం ఒక్కటే సులువైన మార్గం.

మసకబారిన నేలకు సీలరు గాని సబ్బు గాని మెరుగు తేలేవు. దానికి పాలిషు మేస్త్రీయే దిక్కు. కార్బోరండం రాళ్ళతో గరుకు నుండి సన్నానికి వరుసగా అరగదీసి, చివర ఆక్సాలికు ఆమ్లపు పొడితో మెరుగు పెడతారు. ఆ పొడి చూడడానికి ఉప్పులా ఉంటుంది కాని విషం. పని ముగిసిన నాడే మిగిలినదంతా మేస్త్రీ చేత తీసుకొనిపోయేటట్లు చూడవలెను. అరగదీసేటప్పుడు నీరు పోస్తూ పని చేయడం, ముక్కుకు గుడ్డ కట్టుకొనడం మేస్త్రీకి కూడా క్షేమం. గ్రానైటు దుమ్ములోని స్ఫటికపు ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడు చేస్తుంది.

ముగింపు

పైన చెప్పిన వానిలో ధనం ఖర్చయ్యేవి తక్కువ, తెలివి ఖర్చయ్యేవి ఎక్కువ. ఊడ్చిన తరువాతనే తుడవడం, ఒలికినది వెంటనే ఒత్తి తీయడం, కడిగిన నేలను పొడిగుడ్డతో ఆరబెట్టడం, ఆమ్లపు సీసాను ఇంటికి రానీయకపోవడం, ఈ నాలుగింటితోనే ఒక తరంలో పోయే నేల మూడు తరాలు నిలుస్తుంది.

రసాయనశాస్త్ర విద్యార్థులు ప్రయోగశాలలో సున్నపురాతి మీద ఆమ్లం పోసి, బొగ్గుపులుసు వాయువు తయారు చేసి, మార్కులు తెచ్చుకొంటారు. సాయంత్రం ఇంటికి పోయినప్పుడు అదే ప్రయోగం తమ తల్లి చేతుల మీదుగా, కిటికీ మూసిన వంటింటిలో జరుగుతున్నదని గుర్తించినవారే ఆ పాఠం నిజంగా నేర్చుకొన్నవారు. కళాశాల కమిటీవారికి కూడా ఒక మనవి. విద్యాసంస్థల వంటశాలలలోను, వరండాలలోను పనివారికి ఇచ్చే శుభ్రపరచే సామగ్రిలో ఆమ్లానికి బదులు మృదువైన సబ్బు, పొడిగుడ్డలు, రబ్బరు తొడుగులు చేర్చినట్లయితే బండలూ నిలుస్తాయి, ఆ పని చేసేవారి ఊపిరీ నిలుస్తుంది. అందులో రెండవదే మనకు ముఖ్యం.